టెలివిజన్ ఎవరి వాకిట నిలిచింది?

ఈ మధ్య మా కళాశాలలో జరిగిన ఒక గోష్ఠిలో ఒక మిత్రుడు పాత దూరదర్శన్ రోజులను తలచుకొని కళ్ళు తుడుచుకున్నాడు. ఊరికి ఒకే పెట్టె వుండేది, అందులో ఒకే కార్యక్రమం వచ్చేది, ఊరంతా ఒక్కచోట చేరి చూసేది. కేబుల్ వచ్చి ఆ ఐకమత్యాన్ని ముక్కలు చేసింది. ఇదీ ఆయన వాదం. విద్యార్థులు కూడా తలలూపారు. ఆ రోజులు చూడని వారు సైతం వాటికోసం బెంగపెట్టుకోవటం నాకు ఆశ్చర్యం కలిగించింది.

ఆ రోజులను నేను చూశాను. వాటి మీద నాకూ మమకారం వుంది. కాని జ్ఞాపకం వేరు, చరిత్ర వేరు. జ్ఞాపకం పెట్టెలోని బొమ్మను దాచుకుంటుంది. ఆ పెట్టె ఎవరి వాకిట వుండేదో, దాని ముందు ఎవరెక్కడ కూర్చున్నారో చరిత్ర అడగవలసి వుంటుంది.

మాది పాలమూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. నాకు బుద్ధి తెలిసేనాటికి, అంటే 1993-94 ప్రాంతాన, మా ఊళ్ళో రెండు టీవీలుండేవి. పదిమందిని చూడనిచ్చేది మాత్రం పటేలు ఇంట్లోనే. పటేలు పదవిని ప్రభుత్వం 1984లోనే రద్దు చేసింది గాని, మా ఊళ్ళో పేరూ పోలేదు, పెత్తనమూ పోలేదు. శుక్రవారం చిత్రలహరికీ, వారానికొకసారి వచ్చే తెలుగు సినిమాకూ ఆ ఇంటి తలుపులు తెరిచేవారు. ఇంటివారు లోపల మంచాల మీద కూర్చునేవారు. భూమి గల రైతులు అరుగు మీద. మావంటి కుమ్మరి, చాకలి, మంగలి ఇళ్ళ పిల్లలం అరుగు కింద నేల మీద. మాదిగవాడ వాళ్ళు దర్వాజ బయట, నిలబడి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేకుండానే అందరికీ తెలుసు. ఊరంతా ఒక్కచోట చేరిందన్న మాట నిజమే. ఊళ్ళోని మెట్లన్నీ కూడా ఆ ఒక్కచోటికే చేరాయన్నది అంతకన్న నిజం.

మా అమ్మ ఏనాడూ సినిమా ముగింపు చూడలేదు. పొయ్యి వెలిగించే వేళకు ఆమె లేచి వెళ్ళిపోవలసిందే. రాత్రి పడుకునే ముందు, చివరికి ఏమైందని నన్నడిగి తెలుసుకునేది.

ఇంకొకరున్నారు. బడిలో నాతోపాటు ఒకే చాప మీద కూర్చునే మాదిగవాడ పిల్లవాడు. వాళ్ళ నాయిన పటేలు ఇంట జీతగాడు. యాంటెన్నా కట్టిన ఇనుప గొట్టం ఇంటి వెనక, పశువుల కొట్టం పక్కన పాతి వుండేది. గాలి వీచినా, కాకి వాలినా బొమ్మ చెదిరిపోయి తెర మీద చుక్కలు కురిసేవి. అప్పుడు ఆ పిల్లవాడు గొట్టం పట్టుకొని తిప్పాలి. నేను ఇంటి మూల మీద నిలబడి అరవాలి. “బొమ్మ పడ్డదా?” అని వాడు. “పడ్డది! పోయింది! గింత అటు తిప్పు!” అని నేను. బొమ్మ కుదురుకోగానే నేను పరుగెత్తి నా చోట కూర్చునేవాణ్ణి. మళ్ళీ ఎప్పుడు చెదురుతుందో తెలియదు గనక వాడు అక్కడే వుండేవాడు. ఊరందరికీ బొమ్మ చూపించినవాడు బొమ్మ చూడలేదు. ఇందులో అన్యాయమున్నదని ఆ వయసులో నాకు తోచలేదు. నా చోటు పోకుండా వుంటే చాలుననుకున్నాను.

ఇది పల్లెటూళ్ళో ఎప్పుడూ వున్నదే గదా, టెలివిజన్ ఏం చేస్తుందని అడగవచ్చు. కాని మా జిల్లాకు టెలివిజన్ మొదట వచ్చింది పటేలు వాకిటికి కాదు. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31 దాకా, ఒక్క ఏడాది, మన దేశంలో ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. దాన్ని ‘సైట్’ అన్నారు. అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాద్, కర్నూలు జిల్లాల గ్రామాలు అందులో వున్నాయి. పొద్దున బడిపిల్లలకు గంటన్నర, సాయంత్రం పెద్దలకు రెండున్నర గంటలు. మన గ్రామాలకు చాలావరకు తెలుగులో చెప్పారు. ఆ పెట్టె ఎవరి ఇంట్లోనూ లేదు. బడి, పంచాయతీ వంటి ఉమ్మడి చోట్లలో పెట్టారు. తీగవలతో చేసిన పెద్ద గొడుగు వంటి యాంటెన్నా దానికి వుండేది.

మా నాయిన అప్పుడు పదమూడేళ్ళవాడు. పక్క ఊరి బడి ముందు ఆ పెట్టెను చూశాడు. అక్కడ మాత్రం అందరూ సమానంగా కూర్చున్నారా అని నేనొకసారి అడిగాను. “ఏడ కూసుంటరు? వాడవాళ్ళు ఎనకనే” అన్నాడు. కాసేపాగి, “గని లేచి పో అనేటోడు లేకుండె. బడి ఎవని సొంతం?” అన్నాడు. ఆ తేడా చిన్నది కాదు.

ఆ ప్రయోగాన్ని ఆదర్శంగా కీర్తించటానికి వీల్లేదు. దానికి నెల రోజులకు కొంచెం పైగా ముందే, 1975 జూన్ 25న, అత్యవసర పరిస్థితి ప్రకటించబడింది. పత్రికల నోరు నొక్కిన ప్రభుత్వమే పల్లెలో పెట్టెకు నోరిచ్చింది. ఎరువులను గురించీ ఆరోగ్యాన్ని గురించీ పైవారు చెబుతారు, కిందివారు వింటారు. అయినా అందులో ఒక సూత్రం వుంది: పెట్టె ఊరిది. ఏడాది గడిచాక ఉపగ్రహం వెళ్ళిపోయింది. 1977లో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం తన ప్రసారం అందినంత మేరకే గ్రామాలను చేరగలిగింది. నాయిన చూసిన పెట్టె మళ్ళీ వెలగలేదు.

ఆ సూత్రాన్ని వదులుకున్నది ఎప్పుడు? కేబుల్ వచ్చినప్పుడా? కాదు. 1976 జనవరిలోనే దూరదర్శన్‌లో వ్యాపార ప్రకటనలు మొదలయ్యాయి. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమమూ, రంగుల ప్రసారమూ వచ్చాయి. 1984లో కొన్ని నెలలపాటు దాదాపు రోజుకొకటి చొప్పున చిన్న ట్రాన్స్‌మిటర్లు నిలబెట్టారు. వాటిలో చాలావరకు మొదట ఢిల్లీ కార్యక్రమాన్నే అందించాయి. 1975లో పాలమూరు రైతుతో తెలుగులో మాట్లాడిన టెలివిజన్, పదేళ్ళు తిరక్కముందే హిందీలో మాట్లాడటం నేర్చుకున్నది! అదే 1984 జూలైలో ‘హమ్ లోగ్’ సీరియల్ మొదలైంది. కుటుంబ నియంత్రణ ప్రబోధం దాని తొలి ఉద్దేశం. దాని ఖర్చు భరించింది నూడుల్సు అమ్మే కంపెనీ. క్రమంగా ప్రబోధం పలచబడింది, నూడుల్సు నిలిచాయి.

ఇందులోని ఆర్థికసూత్రాన్ని గమనించాలి. ప్రకటనదారుకు కావలసింది ప్రేక్షకుడు కాదు, కొనుగోలుదారు. బడి ముందు నేల మీద కూర్చున్న వందమంది కూలీలు అతనికి ఎందుకు? డబ్బుపెట్టి టీవీ కొనగల ఒక్క ఇల్లు చాలు. కనుక ట్రాన్స్‌మిటర్ల మీద ప్రజల సొమ్ము ఖర్చయింది, పెట్టె మాత్రం కొనుక్కోగలవాని ఇంటికి వెళ్ళింది. ఈ వినియోగ వ్యామోహాన్ని గూర్చి, కార్యక్రమాల ప్రణాళిక లేని విస్తరణను గూర్చి ప్రభుత్వం నియమించిన పి.సి. జోషీ సంఘమే ఆ దశకంలో హెచ్చరించింది. వినిపించుకున్నవారు లేరు. ప్రజాధనంతో వచ్చిన తరంగం పటేలు వాకిట ఆగింది. అక్కడ మేము ప్రేక్షకులం కాము, అతిథులం. అతిథులలోనూ అంతస్తులున్నాయి.

ఇక కేబుల్ సంగతి. 1995లో తెలుగు ప్రైవేటు ఛానళ్ళు వచ్చాయి. ఆ ఏడాదే సుప్రీంకోర్టు, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 1990లో చేసిన ప్రసారభారతి చట్టం 1997లో గాని అమలుకు రాలేదు. ఈ లోగా బజారు తన పని తాను చేసుకుపోయింది. మా ఊరికి కేబుల్ తీగ 2000 సంవత్సరం దాటాక వచ్చింది. దాన్ని నిందించటం మనకు అలవాటు. కాని ఒక నిజం ఒప్పుకోవాలి. నా మిత్రుడు మొదటిసారి ఒక సినిమా మొదటినుంచి చివరిదాకా కూర్చొని చూసింది ఆ తీగ వాడకు వచ్చాకనే, పాత టీవీ ఒకటి వాళ్ళ ఇంట్లోకి వచ్చాకనే. ప్రజల పేర నడిచిన వ్యవస్థ ఇవ్వని చోటును బజారు నెలకింత అని వసూలు చేసి ఇచ్చింది. దీన్ని దాటవేసి మనం చేసే కేబుల్ విమర్శ అరుగు మీద కూర్చున్నవాని విమర్శే అవుతుంది.

అయితే బజారు ఇచ్చినది చోటే గాని హక్కు కాదు. చందా కట్టని నెల బొమ్మ ఆగిపోతుంది. ఏ బొమ్మ చూపాలో నిర్ణయించే చోట ఆనాడూ మా వాడలవాళ్ళు లేరు, ఈనాడూ లేరు. ఇప్పుడు పెట్టె కుదించుకొని అరచేతిలోకి వచ్చింది. ప్రశ్న మాత్రం కుదించుకోలేదు.

విద్యార్థులకు నేనొక పని చెబుతున్నాను. మీ ఇళ్ళలో, మీ వాడల్లో పెద్దవారిని అడగండి. ఏ సీరియల్ చూశారని కాదు; ఎక్కడ కూర్చొని చూశారని అడగండి. లేచి వెళ్ళినవారెవరు, బయట నిలబడ్డవారెవరు, గొట్టం పట్టుకున్నవారెవరు? ఆ సమాధానాలు రాసిపెట్టండి.

నిరుడు ఊరికి వెళ్ళినప్పుడు నా మిత్రుణ్ణి కలిసి ఆ రోజులు గుర్తున్నాయా అని అడిగాను. నవ్వాడు. “బొమ్మ పడ్డదని నువ్వు ఒర్రుడు గుర్తున్నది” అన్నాడు.