జొన్నన్నం, మెడ చుట్టూ మచ్చ

కృష్ణా డెల్టా అనగానే వరిచేలు గుర్తుకు రావడం సహజమే గాని, బెజవాడ దగ్గర ఆనకట్ట లేని రోజుల్లో ఈ సీమలోని సామాన్యుడి ముంతలో ఎక్కువగా ఉండేది జొన్నన్నమే. 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన నందన కరువు తర్వాత రెండు దశాబ్దాలకు, ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట, కాలువ పారినంత మేర పల్లపు భూములను మాగాణిగా మార్చింది. కాలువ ఎక్కని నందిగామ, జగ్గయ్యపేట, తిరువూరు మెట్టల్లోను, నదికి ఎగువనున్న తెలంగాణలోను జొన్న ఆ తరువాత కూడా చాలాకాలం నిలిచింది. తిండి ఇలా రెండు దారులు పట్టగా, తిండి వల్ల వచ్చే రోగాలు కూడా రెండు రకాలుగా కనిపించాయి.

వరి తీరానికి దక్కిన రోగం బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు నీరుపట్టి, చివరకు గుండె నీరసించే ఈ జబ్బుకు కారణం థయమిన్ అనే బి విటమిన్ లోపం. ఉత్తర సర్కారుల తీరంలో ఇది ఎంతగా పాతుకుపోయిందంటే, బియ్యపు మరలు రాకముందే, 1835లోనే, మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కమ్‌సన్ దీనిపై ఒక గ్రంథం వెలువరించాడు. వడ్లను ఉడకబెట్టి ఆరబోసి దంచే ఉప్పుడు బియ్యంలో ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. తీరవాసులకు ఇష్టమైన పచ్చి బియ్యంలో మాత్రం అది పైపొరలోనే ఉండి, మరపట్టినప్పుడు తవుడుతో పాటు పశువుల కుడితిలోకి పోతుంది, మిగిలిన కొద్దిపాటి విటమినూ కడిగిన నీళ్లలోను, వార్చిన గంజిలోను కరిగిపోతుంది. బియ్యం ఎంత తెల్లగా ఉంటే ఇంటి పరువు అంత ఎక్కువ అనుకున్న సంపన్న డెల్టాకు, ఆ తెలుపు వెల ఏమిటో తెలియడానికి చాలాకాలం పట్టింది. ఈ బెరిబెరి విచారణ కోసమే 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఆధ్వర్యంలో ఏర్పడిన చిన్న విభాగం, క్రమంగా పోషకాహార పరిశోధనశాలగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది.

వరి రోగం కోసం పుట్టిన సంస్థకు జొన్న సీమలో మరో రోగం ఎదురైంది. అది పెల్లాగ్రా. నియాసిన్ అనే మరో బి విటమిన్ కొరవడితే వచ్చే ఈ జబ్బులో విరేచనాలు, మతి తప్పడం ఉన్నా, వైద్యుడు ముందుగా గుర్తుపట్టేది చర్మాన్నే. ఎండ తగిలే చోట్ల, రెండు చేతులకూ రెండు పాదాలకూ ఒకే తీరుగా, మొదట కమిలినట్టు ఎర్రబారి మండి, తరువాత నల్లబడి, పగిలి పొరలుగా లేస్తుంది. రవికె అంచు పైన, మెడ చుట్టూ కంటె పెట్టినట్టుగా సాగే పట్టీని, 18వ శతాబ్దంలో ఈ రోగాన్ని తొలిసారి వర్ణించిన స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ పేరిట కసాల్ హారం అని పిలుస్తారు. చేలో వంగి పనిచేసే కూలీకి ఆ హారం ఎంత మంట పెట్టేదో ఊహించడం కష్టం కాదు.

యూరప్, అమెరికాలలో ఈ రోగం మొక్కజొన్న తినేవారిదిగా పేరుపడింది. మాంసకృత్తులకు ఇటుకల వంటివి అమైనో ఆమ్లాలు. వాటిలో ట్రిప్టోఫాన్ అనేదాని నుంచి శరీరం కొంత నియాసిన్ తయారుచేసుకుంటుంది, మొక్కజొన్నలో అది తక్కువ. జొన్నలో మాత్రం ట్రిప్టోఫాన్ అంత తక్కువేమీ కాదు. మరి జొన్న తినేవారికి రోగమెందుకు అన్న ప్రశ్నకు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక కొత్త సమాధానం సూచించారు: దోషం లోపంలో కాదు, అతిలో ఉంది, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మరీ ఎక్కువగా ఉండి, ట్రిప్టోఫాన్, నియాసిన్‌ల నడకను చెడగొడుతున్నది. ల్యూసిన్ కలిపిన ఆహారంతో కుక్కపిల్లలలో పెల్లాగ్రాకు సాటియైన నల్లనాలుక రోగాన్ని రప్పించగలిగినట్టు, ఐసోల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఇస్తే రోగులు తేరుకున్నట్టు కూడా అదే సంస్థ నుంచి ప్రకటనలు వచ్చాయి. విదేశీ ప్రయోగశాలల్లో కొన్నింటికి ఈ ఫలితాలు దొరకలేదు గనుక వాదం పూర్తిగా తెగలేదు. అయినా, పుష్టినిస్తుందనుకున్న అమైనో ఆమ్లమే మోతాదు మించితే చేటు చేయవచ్చునన్న ఆలోచన ఒక పేదవాడి ధాన్యాన్ని పరిశీలించి, తెలుగునేల మీద, అంత తొందరగా పుట్టడం చిన్న విషయం కాదు.

అమెరికా ఈ సంగతిని మరో రూపంలో, అదీ 1989లో, చవిచూసింది. నిద్ర కోసమని అంగట్లో కొనుక్కున్న ట్రిప్టోఫాన్ మాత్రలు మింగినవారిలో తీవ్రమైన కండరాల నొప్పులు, రక్తంలో ఇయోసినోఫిల్ కణాల పెరుగుదల కనిపించాయి. 1,500 మందికి పైగా రోగులు నమోదయ్యారు, పదుల సంఖ్యలో మరణించారు. కేసుల్లో అత్యధికం జపానులోని షోవా డెంకో కంపెనీ సరుకుతో ముడిపడి ఉన్నట్టు తేలగా, అనుమానం తయారీలో చేరిన మలినాల మీదికి మళ్లింది. ఒంటినొప్పికి కారణం అమైనో ఆమ్లమా, దాని అతియా, దానితో కలిసి వచ్చినదా అనే మూడు ప్రశ్నలూ వేరువేరని ఆ ఉదంతం చూపింది.

ఇక జొన్న, ఒకనాడు కూలివాడి తిండిగా చిన్నచూపు చూడబడి, ఇప్పుడు మధుమేహానికి మంచిదన్న పేరుతో విజయవాడ వీధుల్లో సాయంత్రం పూట రొట్టెగా తిరిగి వచ్చింది. ఆ రొట్టె తినేవారి ఇంట పప్పు, పాలు, గుడ్లు ఉంటాయి గనుక ల్యూసిన్ వాళ్లనేమీ చేయదు. పెల్లాగ్రా నేడు ప్రధానంగా తిండి మాని తాగేవారిలో, అరుదుగా క్షయకు ఐసోనియాజిడ్ మందు వాడేవారిలో కనిపిస్తున్నది.