పైపు ఫిల్టరు
పొగాకు కాలేటప్పుడు పుట్టే నీటి ఆవిరి, తారు చల్లబడి చేదు ద్రవంగా నోటిలోకి రాకుండా, పైపు కాడకూ నోట పెట్టుకునే భాగానికీ మధ్య అమర్చే చిన్న గొట్టాన్ని లేదా కలప ముక్కను పైపు ఫిల్టరు అంటారు. జర్మనీలో 9 మిల్లీమీటర్ల ఫిల్టరు వాడుక విస్తృతం. రెండు చివరలా రంధ్రాల మూతలుండే ఈ గొట్టంలో నింపిన ఉత్తేజిత బొగ్గు, అనగా అసంఖ్యాకమైన సూక్ష్మరంధ్రాలు ఏర్పడేలా తయారుచేసిన బొగ్గు, తేమనూ కొన్ని ఆవిరులనూ తన ఉపరితలంపై పట్టి నిలుపుతుంది. ఇటలీకి చెందిన సావినెల్లి సంస్థ ఇందుకు తేలికైన బాల్సా కలపను, కెనడాకు చెందిన బ్రిగమ్ సంస్థ మేపుల్ కలపను ఎంచుకున్నాయి. నాలుక మంట తగ్గుతుందని కొందరు ఫిల్టరును కోరుకోగా, రుచి పలుచనై పొగ లాగడం కష్టమవుతుందని మరికొందరు దాన్ని తీసివేస్తారు. అయితే ఫిల్టరు కోసం తొలిచిన పైపులో ఆ చోటు ఖాళీగా ఉంటే తేమ చేరి గురగురలాడుతుంది గనుక, అందులో ఒక సన్నని పూరక గొట్టాన్ని అమర్చుతారు. రుచి విషయంలో ఇరుపక్షాల వాదనా సమంజసమే గాని, ఫిల్టరును ఆరోగ్య రక్షణగా భావించడం పొరపాటు: కార్బన్ మోనాక్సైడును బొగ్గు దాదాపుగా పట్టలేదు, పొగను లోపలికి పీల్చకున్నా నికోటిన్ నోటి పొర ద్వారా రక్తంలో చేరగలదు. ఫిల్టరు ఉన్నా లేకున్నా పైపు పొగ నోటి, గొంతు, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు కారణమవుతుంది.