180 డిగ్రీలు చాలని త్రిభుజాలు

త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం ఎంత? ఏడో తరగతి పిల్లవాణ్ణి అడిగినా 180 డిగ్రీలని ఠక్కున చెబుతాడు. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' మొదటి భాగంలోనే దీన్ని నిరూపించాడు. ఒక శీర్షం గుండా ఎదుటి భుజానికి సమాంతరంగా గీత గీయండి. ఏకాంతర కోణాలు సమానం కనుక మూడు కోణాలూ వచ్చి ఆ గీత మీద ఒక సరళకోణంలో ఇమిడిపోతాయి. అంతే నిరూపణ!

ఇప్పుడు మీ పాఠశాలలోని గ్లోబును ముందు పెట్టుకోండి. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా 0 డిగ్రీల రేఖాంశం ఒక భుజం, 90 డిగ్రీల తూర్పు రేఖాంశం మరొక భుజం అనుకోండి. ఆ రెండింటి నడుమ ఉన్న భూమధ్యరేఖ ముక్క మూడో భుజం. ఈ త్రిభుజంలో మూడు మూలల్లోనూ లంబకోణాలే! మొత్తం 270 డిగ్రీలు. మరి యూక్లిడ్ తప్పు చెప్పాడా? లేదు. ఆయన చెప్పింది బల్లపరుపు తలం సంగతి. గోళం మీద గీసిన త్రిభుజంలో కోణాల మొత్తం ఎప్పుడూ 180 కంటే ఎక్కువే. త్రిభుజం ఎంత పెద్దదైతే ఆ అదనం అంత ఎక్కువ.

ఇదేదో తీరిక వేళ చమత్కారం అనుకుంటున్నారేమో. రెండు వందల ఏళ్ల కిందట మన దేశాన్ని కొలవడానికి బయలుదేరిన వారికి దీనితో నిత్యం పని పడింది.

1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఒక సరళరేఖను కొలవడం మొదలుపెట్టాడు. నూరడుగుల ఉక్కు గొలుసును మళ్లీ మళ్లీ పరుస్తూ ఏడున్నర మైళ్లు కొలిచేసరికి 57 రోజులు పట్టింది. ఈ లెక్కన దేశమంతా గొలుసుతో కొలవడం అయ్యే పనేనా? అందుకే పొడవును ఒకచోట కొలిచి, ఆపైన కోణాలతో నడిచారు. ఆధార రేఖ రెండు కొసల నుంచి ఒక దూరపు కొండను చూసి కోణాలు కొలిస్తే, ఒక భుజం, రెండు కోణాలు తెలిసినట్టే. మిగతా భుజాలను త్రికోణమితి చెబుతుంది. ఆ భుజాల మీద మళ్లీ కొత్త త్రిభుజాలు. ఈ సర్వేకే 1818లో గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అని పేరు వచ్చింది.

అయితే ఏ త్రిభుజమైనా సరిపోదు. మరీ చిన్న అల్పకోణం, మరీ పెద్ద అధిక కోణం సర్వేయర్లకు శత్రువులు. తెలిసిన భుజానికి ఎదుట 5 డిగ్రీల కోణం ఉంటే, దాన్ని కొలవడంలో జరిగిన పొరపాటు లెక్కగట్టే భుజాల మీద 60 డిగ్రీల కోణంలో కంటే సుమారు 20 రెట్లు ప్రభావం చూపుతుంది. అందుకే మూడు కోణాలూ 60కి దగ్గరగా ఉండేలా కొండలను వెతికేవారు.

కోణాలు కొలిచిన థియోడలైట్ అరటన్ను బరువు, దాని చక్రం వ్యాసం 36 అంగుళాలు. కొండలు లేని తంజావూరులో 1808లో దాన్ని దేవాలయ శిఖరం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి, యంత్రం గోడకు కొట్టుకుని చక్రం వంకరపోయింది. లాంబ్టన్ ఆరు వారాలు కూర్చుని దాన్ని తిరిగి గుండ్రంగా చేశాడు. ఆ ఓపికను మెచ్చుకోకుండా ఉండలేం.

ఇక అసలు చిక్కు. భుజం 50 కిలోమీటర్లున్న సమబాహు త్రిభుజం తీసుకోండి. భూమి గుండ్రంగా ఉన్నందువల్ల దాని కోణాల మొత్తం 180 డిగ్రీల మీద సుమారు 5.5 సెకన్లు ఎక్కువ రావాలి. సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. ఇంత చిన్నదానికి ఇంత గొడవా అనకండి. 50 కిలోమీటర్ల దూరాన ఒక్క సెకను తేడా 24 సెంటీమీటర్లవుతుంది. త్రిభుజం తర్వాత త్రిభుజంగా వందల మైళ్లు పోయేసరికి అది ఎక్కడికి చేరుతుందో ఊహించుకోండి.

మూడు కోణాలూ కొలిచాక మొత్తం 180 డిగ్రీల 7 సెకన్లు వచ్చిందనుకుందాం. యూక్లిడ్ సూత్రాన్ని పట్టుకుని 7 సెకన్లూ పొరపాటేనని తీసేస్తే ఒప్పును తప్పనుకుని దిద్దినట్టవుతుంది. ఆ ఏడింటిలో 5.5 భూమి వంపు వల్ల వచ్చినవి; మిగిలిన 1.5 మాత్రమే కంటివో యంత్రానివో పొరపాట్లు. ఈ అదనాన్ని ముందే లెక్కగట్టవచ్చు: వైశాల్యంలో ప్రతి 197 చదరపు కిలోమీటర్లకు దాదాపు ఒక సెకను. ఫ్రెంచి గణితవేత్త లెజాండర్ 1787లో ఇంకా సులువైన దారి చూపాడు. అదనంలో మూడో వంతును ఒక్కో కోణం నుంచి తీసేయండి. ఆపైన అది మామూలు సమతల త్రిభుజమే అనుకుని భుజాలు లెక్కించుకోండి. ఈ పరిమాణంలోని త్రిభుజాలకు తేడా పట్టించుకోనక్కరలేనంత స్వల్పం.

లెక్క కుదిరినా, సెకన్ల దాకా కోణం చదవాలంటే దూరపు గురుతు స్పష్టంగా కనిపించాలి. వేసవిలో దుమ్ము, మసక. వానలు పడ్డాకే గాలి తేటపడేది. కాబట్టి సర్వే బృందాలు వర్షాకాలంలోనే అడవులకు వెళ్లేవి. అదే మలేరియా కాలం కూడా! 1818లో హైదరాబాదులో లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరిన జార్జి ఎవరెస్ట్ మరుసటి ఏడే కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో పని చేస్తూ జ్వరం పాలయ్యాడు. అతని బృందంలో అనేకులు మంచమెక్కారు, కొందరు ప్రాణాలే కోల్పోయారు. కోలుకోవడానికి ఎవరెస్ట్ 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లవలసి వచ్చింది.

ఆ అనుభవం ఊరికే పోలేదు. 1823లో సర్వే ఎవరెస్ట్ చేతికి వచ్చాక, జ్వరాలు తక్కువగా ఉండే పొడి కాలంలో, రాత్రిపూట దూరాన దీపాలు వెలిగించి కోణాలు కొలిచే పద్ధతి పెట్టాడు. దీనివల్ల మరో లాభం కలిగింది. రాత్రి గాలిలో వక్రీభవనం ఎక్కువ కావడంతో, పగలు క్షితిజం కింద మరుగున ఉండే గురుతు కూడా పైకి లేచినట్టు కనిపించేది.