మనిషి-నెలల మాయలెక్క

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. ఒక పొలంలో వరినాట్లు వేయడానికి పదిమందికి రెండు రోజులు పడుతుంది. ఇరవైమంది వస్తే ఎన్ని రోజులు పడుతుంది? ఒక్క రోజు అని మీరు చటుక్కున చెబుతారు. నిజమే. మరి ఒక పెద్ద ప్రోగ్రామును పదిమంది రెండేళ్ళలో రాయగలిగితే, ఇరవైమంది ఒక్క ఏడాదిలో రాయగలరా? మన లెక్కల పుస్తకం ప్రకారం రాయగలగాలి. కాని రాయలేరు.

ఎందుకు రాయలేరన్నది తెలుసుకోవడానికి ఐబిఎం వంటి మహాసంస్థకు ఎన్నో కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఆ అనుభవంలోంచి పుట్టిన పుస్తకం పేరు 'ది మిథికల్ మాన్-మంత్'. రాసినవారు ఫ్రెడరిక్ బ్రూక్స్. 1975లో వెలువడింది. ఇందులో ప్రోగ్రాములు రాయడం నేర్పే పాఠాలు లేవు. పదిమంది కలిసి ప్రోగ్రాము రాసేటప్పుడు ఏం జరుగుతుందో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వృత్తిలోకి వెళ్ళాలనుకునే మీరు తప్పక చదవవలసిన పుస్తకాల్లో దీన్ని ముందు వరుసలో పెడతాను. కారణం తెలియాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి.

ఒకే కుటుంబం, ఒకే భాష

1960ల మొదట్లో ఒక్కో కంప్యూటర్ది ఒక్కో భాష. ఒక నమూనాకు రాసిన ప్రోగ్రాము మరో నమూనా మీద నడిచేది కాదు. వ్యాపారం పెరిగి పెద్ద కంప్యూటర్ కొనుక్కుంటే, ఉన్న ప్రోగ్రాములన్నీ మళ్ళీ మొదటినుంచి రాసుకోవలసిందే. ఈ ఇబ్బందిని తొలగించడానికి ఐబిఎం 1964 ఏప్రిల్ 7న 'సిస్టమ్/360' అనే కంప్యూటర్ల కుటుంబాన్ని ప్రకటించింది. చిన్నదైనా పెద్దదైనా అన్నీ ఒకే ఆదేశాలను అర్థం చేసుకుంటాయి. ఈ పథకానికి సారథి బ్రూక్స్. అప్పటికి ఆయనకు 33 ఏళ్ళు కూడా నిండలేదు.

ఆయన తీసుకున్న ఒక నిర్ణయం ఫలితాన్ని మీరు రోజూ అనుభవిస్తున్నారు. ఆ రోజుల్లో చాలా యంత్రాలు ఒక అక్షరానికి 6 బిట్లు కేటాయించేవి. 6 బిట్లతో 64 గుర్తులే సాధ్యం. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలతోనే ఆ చోటు దాదాపు నిండిపోతుంది. బ్రూక్స్ 8 బిట్లు కావాలని పట్టుబట్టారు. 8 బిట్లతో 256 గుర్తులు వస్తాయి. నేడు బైటు అంటే 8 బిట్లే. ఇప్పుడు మీరు చదువుతున్న తెలుగు అక్షరాలు కూడా కంప్యూటర్లో అటువంటి బైట్లుగానే నిలవ ఉంటాయి.

యంత్రాలు విజయం సాధించాయి. చిక్కంతా వాటిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర వచ్చింది. 'ఓఎస్/360' అనే ఆ సాఫ్ట్‌వేర్ మీద 1963-66 మధ్య సుమారు 5000 మనిషి-సంవత్సరాల శ్రమ పోసినట్లు బ్రూక్స్ అంచనా. ఒక దశలో వెయ్యిమందికి పైగా దాని మీద పనిచేశారు. అయినా అది ఆలస్యంగా వచ్చింది. అనుకున్నదానికంటే ఎక్కువ మెమరీ తీసుకుంది. ఖర్చు అంచనాలను ఎన్నో రెట్లు దాటింది. మొదట్లో సరిగా నడవలేదు కూడా.

బ్రూక్స్ ఐబిఎం వదిలి నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్ర విభాగం స్థాపించడానికి వెళుతున్నప్పుడు, సంస్థ అధిపతి థామస్ వాట్సన్ జూనియర్ ఆయనను ఒక ప్రశ్న అడిగారు. యంత్రాల తయారీని నడిపించడం కంటే ప్రోగ్రాముల తయారీని నడిపించడం ఎందుకంత కష్టం? బ్రూక్స్ పుస్తకం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇచ్చిన జవాబు.

లెక్క ఎక్కడ తప్పింది?

మన పల్లెల్లో కూలిపనిని పనిదినాల్లో లెక్కకట్టినట్లే సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిని మనిషి-నెలల్లో లెక్కకడతారు. నాట్లు వేసే మనిషి పక్క మనిషితో మాట్లాడకపోయినా పని సాగుతుంది. అందుకే అక్కడ లెక్క సరిపోతుంది. ప్రోగ్రాము అలా కాదు. ఒకరు రాసిన భాగం మరొకరి భాగంతో అతకాలి. అతకాలంటే ఇద్దరూ మాట్లాడుకోవాలి.

ఒక కాగితం తీసుకొని మీరే చూడండి. ఇద్దరి మధ్య ఒక గీత. ముగ్గురైతే మూడు. ఐదుగురైతే పది. పదిమందికి 45. ఇరవైమందికి 190. యాభైమందికి 1225. మనుషులు ఐదు రెట్లయితే (10 నుంచి 50) గీతలు 27 రెట్లయ్యాయి! ఎన్ స్క్వేర్డ్ లెక్కన పెరిగే ఈ సంప్రదింపులే పనికాలాన్ని మింగేస్తాయి. పైగా కొత్తగా వచ్చినవారికి పని నేర్పాలి. నేర్పేది ఎవరు? అప్పటికే పనిలో మునిగి ఉన్నవారు. కాబట్టి ఆలస్యమైన పథకంలోకి కొత్తవారిని దింపితే అది ఇంకా ఆలస్యమవుతుంది. దీనికే 'బ్రూక్స్ నియమం' అని పేరు. ఒక్క కుండలోని అన్నాన్ని నాలుగు పొయ్యిల మీద వండలేం కదా!

ఒక నాయకుడి ఒప్పుకోలు

పుస్తకంలో నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఈ లెక్క కాదు. బ్రూక్స్ తన తప్పును దాచుకోకుండా చెప్పడం.

ఓఎస్/360 ఎలా ఉండాలో వివరించే నిర్దేశాలు ఎవరు రాయాలన్నది ఒకనాటి సమస్య. రూపకల్పన బృందంలో పదిమంది సమర్థులున్నారు. తమకు పది నెలలు కావాలన్నారు. గడువుకంటే అది మూడు నెలలు ఎక్కువ. మరో బృందంలో 150 మంది ఉన్నారు. తాము గడువులోనే పూర్తిచేస్తామన్నారు. పైగా ఆ పని తమకివ్వకపోతే పది నెలలపాటు తామంతా ఊరికే కూర్చోవాలన్నారు. రూపకల్పన బృందం నాయకుడు హెచ్చరించాడు: వాళ్ళకిచ్చినా మూడు నెలలు ఆలస్యమవుతుంది, నాణ్యతా తగ్గుతుంది.

మీరైతే ఏం చేసేవారు? నూటయాభైమందిని ఖాళీగా కూర్చోబెట్టే ధైర్యం మీకుండేదా? బ్రూక్స్‌కు లేకపోయింది. పని పెద్ద బృందానికే ఇచ్చారు. హెచ్చరిక అక్షరాలా నిజమైంది. పలువురి ఆలోచనలు కలగాపులగమై వ్యవస్థకు ఏకరూపత లేకుండా పోయింది. తప్పులు ఏరివేయడానికే అదనంగా ఒక ఏడాది పట్టిందని ఆయన అంచనా.

అదే కాలంలో, తోటివారు

ఈ కష్టం ఒక్క ఐబిఎందే కాదు. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణంలో నాటో ఆధ్వర్యాన జరిగిన సమావేశంలో సుమారు యాభైమంది నిపుణులు సాఫ్ట్‌వేర్ సంక్షోభం గురించి చర్చించారు. 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్' అన్న మాట ప్రచారంలోకి వచ్చింది అక్కడినుంచే. వంతెనలు కట్టేవారికి ఉన్నటువంటి క్రమశిక్షణ ప్రోగ్రాములు రాసేవారికీ కావాలన్నది ఆ పేరులోని సవాలు.

అదే ఏడాది డొనాల్డ్ కనూత్ 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' మొదటి సంపుటం వచ్చింది. 1962లో మొదలుపెట్టిన ఆ రచన అరవై ఏళ్ళు దాటినా పూర్తికాలేదు. తన పుస్తకంలో తప్పు చూపినవారికి ఆయన 2.56 డాలర్లు బహుమతిగా ప్రకటించారు. 256 సెంట్లన్నమాట! 1971లో జెరాల్డ్ వైన్‌బర్గ్ 'ది సైకాలజీ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' రాశారు. మీ ప్రోగ్రాములో తప్పు చూపితే అది మిమ్మల్ని అన్నట్లు కాదని, అహం పక్కనపెట్టి తోటివారికి చూపించుకోమని ఆ పుస్తకం బోధిస్తుంది.

మన దేశంలోనూ అదే దశకంలో ఈ చదువు మొదలైంది. 1963లో ఐఐటి కాన్పూరుకు ఐబిఎం 1620 వచ్చింది. అక్కడ పాఠాలు చెప్పిన వి. రాజారామన్ రాసిన ప్రోగ్రామింగ్ పుస్తకం 1969లో వెలువడింది. ఆయన పుస్తకాలతో ఎన్నో తరాల విద్యార్థులు ఈ వృత్తిలో అడుగుపెట్టారు.

తనను తాను దిద్దుకున్న పుస్తకం

1995లో బ్రూక్స్ పుస్తకం ఇరవై ఏళ్ళ ముద్రణ వచ్చింది. మీకు దొరికితే ఆ ముద్రణే చదవండి. ప్రతివారూ అందరి భాగాల లోపలి వివరాలూ చూడాలని ఆయన 1975లో రాశారు. అంతకు మూడేళ్ళ ముందే డేవిడ్ పార్నస్ దీనికి విరుద్ధమైన వాదం చేశారు. ప్రతి భాగమూ తన లోపలి వివరాలను దాచుకోవాలని, బయటికి తెలియవలసినంతే తెలియాలని అన్నారు. 1995లో బ్రూక్స్ పార్నస్‌దే ఒప్పనీ, తనది తప్పనీ సూటిగా అంగీకరించారు. 1999లో ట్యూరింగ్ బహుమతి పొందిన ఆయన 2022లో మరణించారు.

ఆ ముద్రణలో 1986 నాటి వ్యాసం 'నో సిల్వర్ బులెట్' కూడా చేర్చారు. ప్రోగ్రామును టైపు చేయడంలోని ఇబ్బందులు పనిముట్లతో తగ్గుతాయి, ఏం కావాలో తేల్చుకోవడంలోని కష్టం అంత తేలికగా పోదు అన్నది దాని సారాంశం. నేడు కృత్రిమ మేధ క్షణాల్లో ప్రోగ్రాము రాసిపెడుతోంది. బ్రూక్స్ వాదం ఇప్పటికీ నిలుస్తుందా? చదివి మీరే తేల్చుకోండి.

చదివే పద్ధతి గురించి ఒక మాట. ఈ పుస్తకాన్ని ఒంటరిగా చదివి మూసేయకండి. కళాశాలలో నలుగురు కలిసి ఒక ప్రాజెక్టు చేయండి. ఎవరు ఎప్పటికి ఏం పూర్తిచేస్తారో ముందుగా కాగితం మీద రాసుకోండి. ప్రాజెక్టు పూర్తయ్యాక ఆ కాగితాన్ని, పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. మీ లెక్క ఎక్కడ తప్పిందో, అందులో మీ పాలు ఎంతో నిజాయితీగా రాసుకోండి. బ్రూక్స్ చేసిన పని కూడా అదే.