డబ్బు కట్టి చూసే ఫైటు

మొన్న మన కుర్రాళ్ళు అడిగారు: "పెద్దాయనా, అమెరికాలో ఒక్క రాత్రి ఫైట్లకు ఏడు వేల దాకా కట్టేవారట, అంత విలువుందా?"

ముందు మనవాళ్ళ సంగతి చెబుతాను. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు సర్కస్ పెట్టి ఊరూరా తిరిగారు. ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకునేవారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచేవారు. టికెట్టు కొన్నవాడికి తను చూడబోయేదేమిటో ముందే తెలుసు.

ఫైటులో ఆ పూచీ లేదు. 1988లో బాక్సర్ మైక్ టైసన్, స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టాడు. 2015లో యూఎఫ్‌సీలో మెక్‌గ్రెగర్, ఆల్డోను 13 సెకన్లలోనే. టీవీలో డబ్బు కట్టినవాళ్ళు కుర్చీలో సర్దుకునేలోగా అసలు పోటీ అయిపోయింది.

1993లో డెన్వర్‌లో యూఎఫ్‌సీ మొదలైనప్పుడు ఇంట్లో చూడ్డానికి ధర 14.95 డాలర్లు. 2025కి అది 79.99 అయింది. ఆ ఆగస్టులోనే పారామౌంట్‌తో ఏడేళ్ళకు 770 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించారు. దాంతో 2026 నుంచి అమెరికాలో విడిగా కట్టే పని లేదు, మామూలు చందాలోనే చూడొచ్చు. పెంచినవాళ్ళే ఎత్తేశారు!

నా లెక్క ఇది: చందాలో వస్తే చూడండి, తప్పు లేదు. ఒక్క రాత్రికి ఏడు వేలు మాత్రం దండగ. ఆ డబ్బుంటే మన ఏటపల్లి పిల్లలు కుస్తీ నేర్చుకోవడానికి పరుపులు కొనొచ్చు. రామమూర్తిగారు కూడా సర్కస్‌కు ముందు విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పినవారే.

మీరేమంటారు?