పాత తుపాకికి పాఠశోధన

బెంగుళూరునుండి యలహంక మీదుగా దేవనహళ్ళికి పోవు బాట నేడు విమానాశ్రయమునకు పరుగులిడు వాహనములతో ఊపిరి సలుపకున్నది గాని, 1791వ సంవత్సరము మార్చి 21వ తేదీ రాత్రి బెంగుళూరు కోటను పట్టుకొన్న ఈస్టిండియా కంపెనీ సేనాధిపతి కారన్‌వాలీసు దండు, హైదరాబాదు నిజాము పంపిన అశ్వికదళమును కలిసికొనుటకై ఉత్తరాభిముఖముగా సాగినది ఈ సీమలోనే. యలహంక నాడప్రభువులు ఏలిన ఈ గడ్డపై, మైసూరు నేలిన టిప్పు సుల్తాను పుట్టిన దేవనహళ్ళి చెంత, కంపెనీ తుపాకియు మైసూరు తుపాకియు ఎదురెదురుగా నిలిచినవి. రెండును చెకుముకిరాతి తుపాకులే. అట్టిదొకటి నేడు మన చేతికి వచ్చినచో, అందు అసలెంత, మార్పెంత యని తేల్చుటెట్లు?

తాళపత్ర గ్రంథమును పరిష్కరించు పండితుడు మూలపాఠమును, పాఠాంతరమును, ప్రక్షిప్తమును వేరుపఱచినట్లే పాత తుపాకినిగూడ చదువవలెనని నా నమ్మకము. అయితే చదువుటకు ముందు జాగ్రత్త యొకటి కలదు. గొట్టములోనికి సన్నని కఱ్ఱను మెల్లగా దింపి, మూతికడ గుర్తు పెట్టి, పైకి తీసి గొట్టము వెలుపల ఆనించి చూడవలెను. కఱ్ఱ కొన రంజకపు రంధ్రముదాక రాక ముందే ఆగినచో, ఏనాటి మందో గుండో లోపల ఇంకను ఉన్నదేమో యని శంకించి నిపుణునకు అప్పగించుట కర్తవ్యము.

పిదప చూడవలసినది గుర్రము. చెకుముకిరాతిని కఱచిపట్టు ఈ భాగము ఆ దినములలో హంసమెడవలె సన్నగా వంగియుండి, దెబ్బకు విఱుగుచుండెడిది. ఆ లోపమును దిద్దుటకై బ్రిటిష్ సైన్యము 1809నుండి మెడలో వలయముగల బలమైన గుర్రమును అమర్చినది. కంపెనీ తన తుపాకులపై తొలుత హృదయాకార ముద్రను, 1808నుండి నిలుచున్న సింహమును వేయించెను. హృదయముద్రగల ఫలకముపై వలయపు గుర్రము కానవచ్చినచో, దానిని మోసమని త్రోసివేయుటకంటె, ఏ దండు కమ్మరియో తరువాత చేసిన మరమ్మతని గ్రహించుట న్యాయము. అది పాఠాంతరము, దానికిని చరిత్ర కలదు.

గొట్టపు పొడవును కొలువుడు: కంపెనీ నమూనాకు 39 అంగుళములు, బ్రిటిష్ రాజుగారి పటాలములు ఆ 1791 యుద్ధకాలమున ధరించిన దానికి 42. మూతికి దగ్గఱ బాయొనెట్టు తగులుకొను చిన్న మొటిమ లేకున్నను, కొత్తగా అతికినట్లున్నను, ఎవరో వేటకై గొట్టమును కోసిరని అనుమానింపవలెను. ఇక 1840 ప్రాంతమున, చెకుముకిరాతికి బదులు మందుటోపీతో పేలు టోపీ తుపాకులు వచ్చినపుడు పెక్కు చెకుముకి తుపాకులు ఆ పద్ధతికి మార్పబడినవి. ఆ మార్పును నేడు చెఱిపి, కొత్త గుర్రమును కొత్త రంజకపు గిన్నెను బిగించి, ఇదియే అసలని అమ్ముటయే ప్రక్షిప్తము. రంధ్రముచుట్టు గొట్టము తుప్పుతో గుంటలుపడి, దానిని ఆనుకొన్న గిన్నె అంచు మాత్రము పదునుగానున్న యెడల ఆ రెండును కలిసి పెరిగినవి కావు.

మైసూరు తుపాకికి వేఱు లిపి. బెబ్బులి చారలు, టిప్పు తండ్రి హైదరు పేరులోని తొలి యక్షరము దాని గుర్తులు. టిప్పు తాను నెలకొల్పిన మౌలూదీ శకపు సంవత్సరములను నాణెములపై కుడినుండి ఎడమకు వ్రాయించినాడు. 1224, అనగా మన 1796 ప్రాంతము, ఎడమనుండి చదువువానికి 4221గా తోచును. ఆయుధముపై తేదీ కనబడినపుడును ఈ పద్ధతి మఱవరాదు. టిప్పు ఖడ్గమొకటి 2023లో లండను వేలమున 1 కోటి 40 లక్షల పౌండ్లకు పైగా పలికిన ఈ కాలమున, పులిచారలను కొత్తగా చెక్కు చేతులకు కొదువ యుండదు. పాత చార అంచులు అరిగి, దాని లోతులో గొట్టపు గోధుమరంగే నిండియుండును. కొత్త చార అడుగున లోహము తెల్లగా మెఱయును.

కనుక తుపాకిని తళతళలాడింప బూనకుడు. ఊడిపోవు ఎఱ్ఱని తుప్పును నూనెగుడ్డతో తుడిచిన చాలును. ఉప్పుకాగితము పట్టినచో మొదట మాయమగునది ముద్రయే. అది పోయిన పిదప ఆ యినుము ఎవరిదో చెప్పగలవారుండరు.