ప్రతిధ్వనితో మట్టము కొలుచుట

నూతిలోనికి తొంగిచూచి కేక వేసినచో ఆ కేక తిరిగి వచ్చును. మన చెవి భేదమును పట్టలేకపోయినను, నీరు క్రిందికి పోయిన కొలది ప్రతిధ్వని ఆలస్యమగును. నేడు కర్మాగారములలో నిల్వతొట్ల మట్టమును కొలుచు అతిధ్వని పరికరమునకు మూలసూత్ర మిదియే. అయితే ఈ సూత్రము తొట్టి కప్పుపైకి చేరుటకు ముందు సరస్సులను, సముద్రములను దాటి రావలసివచ్చినది.

ధ్వనివేగము తెలియనిదే ప్రతిధ్వని వలన లోతు తెలియదు. 1826లో జెనీవా సరస్సుపై కొలడాన్, స్టుర్మ్ అనువారు నీటిలో ఈ వేగమును కొలిచిరి. ఒక పడవనుండి నీటిలో గంట మ్రోగించి, అదే క్షణమున పైన తుపాకిమందు వెలిగించిరి. సుమారు 13 కిలోమీటర్ల దూరమున రెండవ పడవలో కొలడాన్, నీటిలోనికి దింపిన పొడవైన గొట్టమునకు చెవియొగ్గి, వెలుగుకును నాదమునకును నడుమ కాలమును లెక్కించెను. వేగము సెకనుకు 1,435 మీటర్లని తేలినది.

1880లో ఫ్రాన్సున క్యూరీ సోదరులు జాక్, ప్యేర్ అనువారు క్వార్ట్జు స్ఫటికమును నొక్కినచో విద్యుదావేశము పుట్టునని కనుగొనిరి. విద్యుత్తు ప్రయోగించినచో స్ఫటికము స్పందించునని మరుసటి ఏడు రుజువయ్యెను. చాలకాలము అది ప్రయోగశాలలో వింతగనే ఉండిపోయినది. 1912లో టైటానిక్ మంచుకొండను ఢీకొని మునిగినది. అటుపిమ్మట యుద్ధము వచ్చి జలాంతర్గాములు నౌకలను ముంచసాగినవి. నీటిలో దాగిన వస్తువును ధ్వనితో వెదకుట ప్రాణావసరమయ్యెను. ప్యేర్ క్యూరీ శిష్యుడైన పాల్ లాంజెవాఁ 1917లో క్వార్ట్జు పలకలతో, మన చెవికి వినిపించనంత హెచ్చు కంపనముల ధ్వనిని పుట్టించి, అట్టి పలకలతోనే దానిని గ్రహించెను.

పోలిక చూడుడు. 1872–76లో చాలెంజర్ నౌకవారు త్రాడు వదలి కొలిచిన లోతులు ఇంచుమించు 500. 1925–27లో జర్మను నౌక మీటియోర్ ప్రతిధ్వనితో కొలిచినవి 67,000కు పైబడినవి.

నౌకలో ధ్వని నీటిలో పోవును. తొట్టిలో పరికరమును సాధారణముగ కప్పున అమర్తురు గనుక ధ్వని ద్రవముపైనున్న గాలిలో పోయివచ్చును. చిక్కంతయు ఇక్కడనే. పరికరము నిజముగ కొలుచునది కాలము మాత్రమే. దూరము లెక్కవలన వచ్చునది. గాలిలో ధ్వనివేగము 0 డిగ్రీలవద్ద సెకనుకు 331 మీటర్లు, 20 డిగ్రీలవద్ద 343. ద్రవము కప్పునకు 5 మీటర్ల దిగువన నున్నదనుకొందము. 20 డిగ్రీలకు సరిచూచిన పరికరము 0 డిగ్రీలవద్ద ఆ దూరమును 5.18 మీటర్లుగా చూపును. అనగా మట్టము ఉన్నదానికంటె 18 సెంటీమీటర్లు తక్కువగ కన్పించును. అందుచే లోపల ఒక ఉష్ణమాపకము నుంతురు. కాని ఎండకు కాగిన పరికరము తన వేడిమినే గాలి వేడిమిగ భ్రమించును. దానిపై చిన్న నీడరేకు కప్పుట అలంకారమునకు కాదు.

కొట్టిన గంట కొంతసేపు మ్రోగుచుండునట్లు స్ఫటికమును ధ్వని పంపిన వెంటనే ఆగదు; ఆ కాసేపు అది చెవిటిదే. కనుక నిండిన తొట్టిలో సైతము పరికరమునకు ద్రవమునకు నడుమ కొంత ఎడము విడువవలెను. ద్రవము పడు ధారకు, నిచ్చెనకు, గోడకు దూరముగ నుంచవలెను. గుమ్మటపు కప్పునకు నడినెత్తిన బిగించినచో ప్రతిధ్వనులు ఒకచోట కూడి తికమక పెట్టును. నురుగు ధ్వనిని మ్రింగివేయును. పెట్రోలు ఆవిరిలో ధ్వని నెమ్మదించును గనుక మట్టము తక్కువగ కన్పించును; అట్టిచోట రాడారు మేలు.

తక్కువ చూపుట ఎంత ప్రమాదమో 2005 డిసెంబరు 11న ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ చమురుకేంద్రమున తెలిసినది. అచటిది ప్రతిధ్వని పరికరము కాదు. తొట్టి నిండుచుండగా మట్టపు సూచిక కదలక నిలిచెను. పైమట్టమున ప్రవాహమును ఆపవలసిన మీటయు పనిచేయలేదు. పెట్రోలు పొర్లి, ఆవిరి మేఘమై ప్రేలెను. 40 మందికి పైగా గాయపడిరి. అందుచేతనే మట్టపు కొలతతో సంబంధములేని రెండవ మీటను విడిగ అమర్చి, నియమిత కాలములందు పరీక్షింతురు.